సేరు తప్పులో నా వంతు

యాకుత్‌పురాలో మా ఇంటికి పాలు పోసే బీరయ్యకు కోపం ముక్కు మీదే ఉండేది. పాలు పలచగా ఉన్నాయని ఎవరైనా అంటే చాలు, బిందె వాళ్ల గడప మీద కుమ్మరించి వెళ్లిపోయేవాడు. నష్టం తనకేనని తెలిసొచ్చేలోపు వీధి కుక్కలు గడప నాకి శుభ్రం చేసేవి. మా గడపకూ ఒకసారి క్షీరాభిషేకం జరిగింది. నేనూ శాంతమూర్తినేమీ కాదు, ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఆ కోపమే అతనికి అన్నను దూరం చేసింది. దీపావళి వెళ్లాక సదర్ పండుగనాడు పాడివాళ్లు దున్నలను ముస్తాబు చేసి ఊరేగిస్తారు. బీరయ్య ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, ముందు తమ్ముడి దున్న అన్న వాకిట్లో నిలబడాలి, వదిన అన్నదమ్ములిద్దరికీ బొట్టు పెట్టాలి, ఆ తర్వాత రెండు దున్నలూ కలిసి కదలాలి. యాభై మూడులో బీరయ్య ఆలస్యంగా వెళ్లాడు. అన్న కృష్ణయ్య ఆగకుండా బయలుదేరాడు. నడివీధిలో, చుట్టాలందరి ముందు బీరయ్య, "నాకు అన్న లేడు, సచ్చిపోయిండు" అని అరిచాడు. మరి ఫలక్‌నుమాలోని అన్న ఇంటి గడప తొక్కలేదు.

అప్పటినుంచి గుండెలో మంట, కంటికి కునుకు లేదు. భార్య పుష్పమ్మ అతన్ని హకీం దగ్గరికి లాక్కెళ్లింది. హకీం ఏదో లేహ్యం ఇచ్చాడు గానీ అసలు వైద్యం అది కాదు. ప్రతి గురువారం కూర్చోబెట్టి, ఈ వారం ఎవరితో కొట్లాడావు, అందులో నీ హిస్సా, అంటే నీ వంతు, ఎంత అని అడిగేవాడు. బీరయ్యకు వచ్చిన లెక్క పాల కొలత ఒక్కటే. "సేరుల పావుసేరు నాది, ముప్పావుసేరు ఆ క్లర్కు సార్‌ది" అనేవాడు. ఆ క్లర్కును నేనే.

ఏడాది తిరక్కుండానే హకీం నాడి చూసి, "బస్, ఇగ దవా బంద్. రానక్కర లేదు" అన్నాడు. బీరయ్య పై గురువారం కూడా వెళ్లి కూర్చున్నాడు.

"ఇంక కోపం వస్తనే ఉన్నది సాబ్!"

"వస్తది మియా. నువ్వే కొలుసుకో" అని హకీం పంపేశాడు.

ఇక బీరయ్య కొట్టంలో బర్రె ముందు కూర్చుని పైకే కొలుచుకోవడం మొదలుపెట్టాడు. "పాలు కొలిచెటోడు తప్పులు కొలుస్తుండు, జర చూడుండ్రి సారూ" అని పుష్పమ్మ మొత్తుకుంది. ఒక ఉదయం పాలలో నీళ్లున్నాయని నేను గద్దించాను. బీరయ్య కళ్లు మూసుకున్నాడు. గడప కడగడానికి నేను బకెట్ తెచ్చి పెట్టుకున్నాను. అతను కళ్లు తెరిచి, "నీళ్లు పోసిన, నిజమే. అర్ధసేరు నాది. గంత గనం మొత్తుకున్నరు, అర్ధసేరు మీది" అన్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అంత న్యాయమైన తీర్పు నాకు ఏ ఆఫీసరూ ఇవ్వలేదు. బకెట్ పక్కన పెట్టి పాలు తీసుకున్నాను.

అన్న సంగతి మాత్రం తెగలేదు. మొదట్లో సేరంతా అన్నదే. వానాకాలానికి అది ముప్పావుకు దిగింది. దసరాకు సగంసగమై, అక్కడే ఆగిపోయింది.

"సమానం వచ్చింది సారూ. ఇగ ఎవరు ముందుగాల పోవాలె?" అని అడిగాడు. "ఈ సదర్ కూడ గిట్లనే పోతే నాకు నిజంగనే అన్న లేనట్టే" అన్నాడు. నాకు జాలేసింది.

పండుగనాడు దున్నకు గవ్వల పట్టీలు కట్టి, "నా నోరు జారితే గుంజుకొచ్చెయ్యుండ్రి" అని నన్ను వెంటబెట్టుకున్నాడు. దారి పొడుగునా అర్ధసేరు, అర్ధసేరు అని వల్లె వేస్తూనే ఉన్నాడు.

కృష్ణయ్య వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండేళ్లలో మీసం పూర్తిగా నెరిసింది. బీరయ్య చూపు ఆ మీసం మీదే నిలిచింది. తర్వాత అన్నాడు: "అన్నా, నువ్వు సచ్చిపోయినవని అంటి. గా మాట మొత్తం నాది. దాంట్ల నీకు హిస్సా లేదు."

కృష్ణయ్య ముఖం ఎర్రబడింది. "ఎట్ల లేదురా? గడియసేపు ఆగకపోతి. తప్పు నాది!"

"కాదన్నా, నాది!"

"నాదంటున్న గద!"

గొంతులు లేచాయి. వీధంతా పోగైంది. "పండుగ పూట మళ్ల లొల్లేంది?" అంటూ వదిన సత్తెమ్మ కుంకుమ పళ్లెంతో మధ్యలోకి వచ్చి, ఇద్దరూ తల నిలపకపోయేసరికి ఆ బొట్టు దున్నకు పెట్టేసింది. చెప్పిన మాట ప్రకారం నేను బీరయ్య మోచేయి పట్టి లాగాను. విదిలించేశాడు.

చివరికి కృష్ణయ్య చెయ్యెత్తి గద్దించాడు. "నోర్ముయ్! పెద్దోణ్ని నేను. పెద్ద తప్పు నాదే."

ఆ పెద్దరికానికి బీరయ్య తలవంచాడు. దున్న తాడు నా చేతిలో పెట్టి, అన్న భుజం మీద తల వాల్చి భోరుమన్నాడు. ఆ ఏడుపు తీరేదాకా, పుట్టి బుద్ధెరిగి దున్న తాడు ముట్టని నేను ఊపిరి బిగబట్టి పట్టుకు నిలబడ్డాను.