చెత్తబుట్ట చూసి చేర్చిన కాలేజీ

ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబులు ఊడ్చే ఆయమ్మది పన్నెండేళ్ళ సర్వీసు. కాలేజీ అంటే మాటలా! అయిదంతస్తుల అద్దాల మేడ, రెండు లిఫ్టులు, అడుగు పెడితే మొహం కనిపించే నల్లరాతి నేల. అలాంటి చోట ప్రిన్సిపాల్ తనంతట తానే పిలిచి, "మీ అమ్మాయికి మంచి మార్కులొచ్చాయటగా. ఫీజు లేకుండా సీటిస్తాం, కౌన్సెలింగ్ ఆప్షన్లలో మన కాలేజీ పెట్టించు" అన్నాడు. ఇంకొకరైతే కాళ్ళమీద పడేవాళ్ళు. ఆయమ్మ "వద్దు సార్" అనేసి వచ్చింది.

ఇంట్లో తమ్ముడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"నీకేమైనా పిచ్చా అక్కా? వెతుక్కుంటూ వచ్చిన అదృష్టాన్ని ఎవరైనా కాలదన్నుకుంటారా?"

"దూరపు కొండలు నునుపురా. ఆ కొండను రోజూ ఊడ్చేది నేను. ల్యాబులో మీటర్లకు కొన్నప్పుడు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఊడలేదు. తనిఖీకి ఎవరైనా వస్తేనే పిల్లల్ని లోపలికి రానిస్తారు. పైన పటారం, లోన లొటారం!"

కూతురు ఏడుపు అందుకుంది. స్నేహితురాళ్ళంతా అక్కడే చేరుతున్నారు మరి. "నువ్వు ఊడ్చే చోట నేను చదవడం నీకే నామోషీ. అందుకే వద్దంటున్నావ్" అంది.

ఆ మాట ఆయమ్మకు సూటిగా తగిలింది. అయినా మెత్తబడలేదు. ఆప్షన్లకు ఇంకా రెండు రోజులే గడువు. మర్నాడు సెలవు పెట్టి, కూతురి రెక్క పట్టుకుని, ఊరికి ఆ చివరనున్న పాత సర్కారు కాలేజీకి బస్సెక్కించింది.

అదేం కాలేజీ! పెచ్చులూడిన గోడలు, కుంటి కుర్చీలు. కూతురు ముక్కు చిట్లించింది. ఆయమ్మ ఆఫీసు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా ల్యాబు వెనక్కి వెళ్ళి, చెత్తబుట్టను నేలమీద బోర్లించింది. మాడిన తీగలు, కాళ్ళు విరిగిన ట్రాన్సిస్టర్లు, టంకం ముద్దలు, కొట్టివేతలతో నిండిన కాయితాలు.

"అమ్మా, పరువు తియ్యకు, లే!"

"చూడవే పిచ్చిదానా. ఇక్కడ పిల్లల్ని పాడుచెయ్యనిస్తున్నారు. పాడుచెయ్యకుండా పని ఎలా వస్తుంది?"

కూతురు గొణుక్కుంటూనే మొదటి ఆప్షన్ అదే పెట్టింది. ఆ తర్వాత తల్లితో మాటలు కట్. అడిగినదానికి ఊ, ఉహూ, అంతే.

సంగతి తెలిసి ప్రిన్సిపాల్ మండిపడ్డాడు. "మన ఆయా కూతురే మన దగ్గర చేరలేదంటే బయట ఏమనుకుంటారు? అసలు నీకు చదువు గురించి ఏం తెలుసు?"

"చదువు గురించి తెలీదు సార్. చదువుకుంటే గది ఎంత మాసిపోతుందో తెలుసు. మన ల్యాబు మాసిందే లేదు."

ఆ ముక్కతో ఆమెను ల్యాబుల నుంచి తీసి బాత్రూములకు వేశారు. నోరు మూసుకుని ఉంటే పోయేదిగా అని తోటి ఆయాలు జాలిపడ్డారు. "పోనివ్వండే! బాత్రూములనైనా పిల్లలు రోజూ వాడతారు" అంటూ ఆయమ్మ బకెట్టు అందుకుంది. పైకి అలా అన్నా, కూతురి మౌనం మాత్రం ఆమెను తినేస్తూనే ఉంది. అక్కడ దాని చదువు సాగకపోతే ఆ పాపం తనదేగా!

తరగతులు మొదలైన మూడో నెలలో, ఒక సాయంత్రం కూతురు రోజూ వచ్చే బస్సుకు రాలేదు. తర్వాతి బస్సుకూ రాలేదు. చివరికి వచ్చిన పిల్ల వేళ్ళ నిండా మసి, చొక్కా అంచున కాలిన మచ్చ. చెప్పులు విడుస్తూనే అందుకుంది.

"మా ల్యాబు ఆయమ్మ ఉంది చూడు, రాకాసి! సీనియర్లతో కలిసి రేడియో చేస్తున్నామమ్మా, మూడుసార్లు కాలిపోయింది. నాలుగోసారి గరగరమని ఏదో వినిపించే వేళకి, చీపురు పట్టుకొచ్చి అందర్నీ తరిమేసింది. మీకు ఇళ్ళూ వాకిళ్ళూ లేవా, నా నడుం విరగ్గొడుతున్నారు కదరా అని ఒకటే తిట్లు!"

ఆయమ్మ పగలబడి నవ్వింది.

"నవ్వుతావేంటి? నువ్వూ మీ పిల్లల్ని ఇలాగే తిట్టేదానివా?"

నవ్వు ఆగిపోయింది. ఆయమ్మ కూతురి మసి వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తిడదామని పన్నెండేళ్ళు చూశానే. ఒక్కడూ రాలేదు."