ఒట్టి తుపాకి

వేట తుపాకిని విమానంలో తీసుకుపోవాలంటే ఒక పద్ధతి ఉంది. లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ మనిషే తీసుకుపోవాలి. అసలు కాగితాలు చేతిలో ఉండాలి. తుపాకిలో తూటా ఉండకూడదు. గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి. అది సామాన్లతో పాటు విమానం అడుగున పోతుందే తప్ప చేతి సంచిలో పనికిరాదు. కౌంటర్ దగ్గర మనమే ముందుగా చెప్పాలి. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. పద్ధతి తెలిస్తే దాని ప్రకారం పోవడం నాకు కష్టం కాదు. విమాన సంస్థకు ఫోన్ చేసి అన్నీ అడిగి తెలుసుకున్నాను. సందేహం తీరక ఇంకోసారి చేశాను.

ఆ తుపాకి మా తాతది. కార్వేటినగరం దగ్గర కొండ వారన మాకు మామిడితోట ఉంది. వేట నిషేధించాక తుపాకి పంట కాపలాకే మిగిలింది. అడవిపందులు దిగితే నాయన ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు. ఆ మోతకే అవి పారిపోయేవి. నాకు ఆ మోతంటే భయం, అక్కకు సరదా. నాయన పక్కన కూర్చుని నూనెగుడ్డతో గొట్టం తుడిచేది. "ఇది నాకే నాయనా" అనేది. "నీకేలే పాపా. వీడికిస్తే పందులొచ్చి వీణ్ణే ఎత్తుకపోతాయి" అని నాయన నన్ను చూసి నవ్వేవాడు.

అక్క తనకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకుంది. ఆ రోజు నాయన "ఇంక ఈ గడప తొక్కొద్దు" అన్నాడు. ఆమె తొక్కలేదు. ఇద్దరిదీ ఒకే మొండితనం. హైదరాబాదు నుంచి నాకు ఫోన్ చేసి "ఎట్టుండాడు?" అని అడిగేది. 'నాయన' అనే పిలుపు నోట రానిచ్చేది కాదు.

నాయన ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయని తిరుపతి ఆస్పత్రిలో చెప్పారు. తిరిగొస్తూ కారులో ఆయనే మాట ఎత్తాడు.

"తుపాకి పాపకు ఇచ్చేయాల."

"అక్కనే రమ్మంటాను నాయనా."

"రావద్దన్నోడు పోవాల గానీ, ఆ బిడ్డ రావడమేందిరా?"

బస్సు, రైలు వద్దని, గంటసేపు విమానమైతే పర్వాలేదని డాక్టరు అన్నాడు. అక్క హైదరాబాదులో లైసెన్సుకు పెట్టుకుంది. నేను చిత్తూరు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి తుపాకి ఆమె పేరున మార్చడానికి అనుమతి తెచ్చాను. అనుమతి వచ్చిందని, నాయనే తెచ్చిస్తాడని అక్కకు చెప్పాను. "సంగటి తినగలుగుతాడా ఇంకా? మెత్తగా చేయాలా?" అంది.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం నాయన మంచం మీద కూర్చుని చూస్తుండగా తుపాకి సర్దాను. తూటాలన్నీ అంతకుముందే తుపాకుల దుకాణంలో జమ చేసేశాను. బోల్టు ఊడదీసి వేరే గుడ్డలో చుట్టాను. అది లేకుండా ఈ తుపాకి పేలదు. తూటాలు నింపే అర వేలుపెట్టి తడిమి చూశాను.

"ఒట్టిదేనా?" అన్నాడు నాయన.

"ఒట్టిదే. అట్టే ఉండాల."

 తాళానికి రెండు చెవులు. ఒకటి నేను ఉంచుకుని, లైసెన్సు ఆయనది కనుక రెండోది ఆయనకిచ్చాను.

పొద్దున నాయన ఇస్త్రీ పంచె కట్టి, గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. రేణిగుంట దారిలో ఆయాసపడుతూనే, "మబ్బుల్లో పందులుంటాయంట్రా?" అన్నాడు. అక్క పెళ్లి తర్వాత ఆయన వేళాకోళం ఆడడం అదే మొదలు.

విమానాశ్రయంలో, కౌంటర్ దగ్గర తుపాకి ఉందని చెప్పగానే ఒక పోలీసాయన వచ్చి పెట్టె తెరవమన్నాడు. కాగితాలు సరిపోయాయి. తుపాకి అందుకుని లోపలికి చూశాడు. ఆయన మొహం మారిపోయింది. అరలోంచి రెండు వేళ్లతో ఒక తూటా బయటికి తీశాడు. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"ఇదేంది పెద్దాయనా?"

"తూటా."

"అది నాకూ తెలుసు. లోడు చేసిన తుపాకి విమానం ఎక్కిస్తారా?"

"లోడు యాడుందప్పా? బోల్టు నా కొడుకు ఊడదీసి పెట్టినాడు. ఇంక అది పేలాలంటే నీ మీసంతో కొట్టి పేల్చాల." నాయన దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. "కూతురికి ఇయ్యబోతా ఉండాను. ఒట్టిది ఎట్ట ఇస్తారు?"

మా ఇంట్లో పక్కింటి గిన్నె ఏనాడూ ఒట్టిగా తిరిగిపోలేదు. అమ్మ బతికుండగా ఏమీ లేకపోతే ఓ బెల్లంముక్కయినా వేసి పంపేది. నాయనకు తుపాకీ అంతే. ఒక తూటాను దుకాణానికి పంపకుండా దాచుకుని, నేను కారు బయటికి తీసేలోపు అరలో పెట్టాడు.

పోలీసాయన కాసేపు ఆ బొట్టు వైపే చూశాడు. "నాకర్థమైంది పెద్దాయనా. కానీ నేను పంపలేను" అన్నాడు. తుపాకిని, తూటాను స్వాధీనం చేసుకుని, మా మాటలు రాసుకుని, రసీదు ఇచ్చారు. విమానం వెళ్లిపోయింది.

అక్క అప్పటికే హైదరాబాదు విమానాశ్రయానికి వచ్చి నిలబడి ఉంది. ఫోన్ కలిపి నాయన చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల అక్క "నాయనా" అనడం నాకూ వినిపించింది. ఆయన ఫోన్ నాకిచ్చి, "ఈరోజు కాలేదని చెప్పరా" అన్నాడు.

తుపాకి లేకుండానే పోదాం రమ్మన్నాను. ఎన్నిసార్లో బతిమాలాను. "ఒట్టి చేతులతో ఆ బిడ్డ ముందరికి యాడ పోయేదిరా?" అనేవాడు. నాయన పిలిస్తే తానే వస్తానంది అక్క. పిలవమని నేనంటే ఆయన తల అడ్డంగా ఊపేవాడు. విచారణ సాగుతూ ఉంది. పొద్దున లేస్తే "వచ్చిందా?" అని అడిగేవాడు. రాలేదనేవాణ్ణి. ఆ మాట అడగడం ఆయన చివరిదాకా మానలేదు. అక్క గడప తొక్కేసరికి నాయనను వసారాలో పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టేశాం.

ఆ తర్వాత చాన్నాళ్లకు తుపాకి విడిపించి, అక్క పేరున మార్చారు. తీసుకుపోవడానికి ఆమే వచ్చింది. అంతకుముందు చేసినట్టే అన్నీ చేశాను. బోల్టు తీశాను. అర తడిమాను. పెట్టె మూయబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇట్టే ఇస్తావా?"

"బెల్లం పెడితే చీమలు పడతాయక్కా."

"అయితే ఇంకేదన్నా సూడు."

వంటింట్లో వెతికి ఒక పసుపుకొమ్ము తెచ్చిచ్చాను. తుపాకి మడమ పక్కన, పెట్టెలోని స్పాంజిలో దాన్ని గుచ్చి పెట్టుకుంది.

కౌంటర్ దగ్గర ఈసారి వేరే పోలీసు. లోపల చూసి, "ఒట్టిదే" అని రాసుకున్నాడు. మూత వేయబోతూ పసుపుకొమ్ము చూసి ఆగాడు.

"ఇదేందమ్మా?"

"మా నాయన ఇచ్చినాడు సార్" అంది అక్క.

నాయన ఇవ్వలేదు. వంటింటి డబ్బాలోంచి నేనే తీసిచ్చాను.