గజం మీది గీత

ఎడిసన్‌లో కనకదుర్గ రోజూ ఆఫీసుకి బయలుదేరేటప్పుడు తలుపు తాళం వేసి, "స్టవ్, ఐరన్ బాక్స్, తాళం" అంటూ మూడు వేళ్లు మడుస్తుంది. కారు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, తాళం మళ్లీ లాగి చూస్తుంది. ఉద్యోగం కూడా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేదే. అలాంటి మనిషి కొన్నేళ్ల కిందట ఒక జనవరిలో తుపాకీలో మందు పోయలేదంటే భర్త శ్రీధర్ ఇప్పటికీ నమ్మడు.

వేట ఆమెకి నేర్పింది శ్రీధర్ స్నేహితుడు దామోదర్. క్రిస్మస్ దాటాక పెన్సిల్వేనియాలో చెకుముకిరాయి తుపాకులకే వదిలిపెట్టిన కొన్ని వారాలుంటాయి. గొట్టంలో ముందు మందు పోయాలి, తర్వాత గుడ్డలో చుట్టిన గుండు పెట్టాలి, గజంతో, అంటే పొడవాటి కర్రతో, అడుగుదాకా కూరాలి. అన్నీ సరిగ్గా ఉంటే గజం మీది గీత గొట్టం మూతి దగ్గర ఆగుతుంది. మూడేళ్లుగా పక్కన కూర్చోబెట్టుకున్న దామోదర్, ఆ రోజు తప్పులేకుండా చేస్తే వచ్చే ఏడు ఒంటరిగా వదులుతానన్నాడు. ఆమెకి కావలసింది అదే. పక్కన ఎవరూ లేకుండా, అడవిలో ఒక్క పూట.

ఆమె గుండు కూరుతుంటే టీ ఫ్లాస్కు ఎక్కడుందని అతను అడిగాడు. కారులో అని చెప్పింది. గీత చూశాననే అనుకుంది.

గంట తర్వాత ఒక జింక వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె ట్రిగ్గర్ నొక్కింది. రాయి మెరిసింది, గొట్టం పక్కనుండే చిన్న గిన్నెలో నిప్పంటుకోవడానికి వేసిన చిటికెడు మందు భగ్గుమంది, అంతే. జింక తలెత్తి ఆ పొగను చూసి, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్లిపోయింది.

ఆలస్యంగా పేలవచ్చని తుపాకీ మట్టిగట్టు వైపే పెట్టి ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. తర్వాత ఆమె గిన్నె తుడిచి గజం దింపింది. గీత రెండు వేళ్ల లోతు లోపలికి పోయింది.

దామోదర్ అది చూడలేదు. మంచుకి మందు చెమ్మగిల్లి ఉంటుందన్నాడు. చెమ్మ ఎవరి తప్పూ కాదు. ఊఁ అంటే వచ్చే ఏడు అడవి ఆమెదే.

"చెమ్మ కాదన్నయ్యా. గుండొక్కటే ఉంది. మందు పొయ్యలేదు."

"ఫ్లాస్కంటూ నేనే డిస్టర్బ్ చేశా కదమ్మా."

"మీరడిగేసరికే గుండు పెట్టేశాను."

అతను వంగి గీత చూశాడు. "ఇంటి లాక్ రెండుసార్లు చెక్ చేసే మనిషివి. మర్చిపోయావా, కొట్టబుద్ధి కాలేదా?"

మర్చిపోయానని చెప్పబోయి ఆగిపోయింది. మందు కొలిచే చిన్న గొట్టం బరువు చేతికి గుర్తుంది, వంచినట్టు గుర్తులేదు. జాలి అనుకుందామంటే, అప్పటికి జింకే రాలేదు. రాని జింక మీద జాలేమిటి? పోనీ, జాలే ఉంటే ట్రిగ్గర్ మీద వేలు ఒక్క క్షణమైనా తడబడలేదేం?

"తెలీదన్నయ్యా."

"అయితే తెలిసిందాకా నా పక్కనే కూర్చో," అన్నాడు దామోదర్.

ఇంటికొచ్చాక శ్రీధర్ అదే అడిగాడు. అతనికీ తెలీదనే చెప్పింది.

ఇప్పుడు కనకదుర్గకి యాభై మూడేళ్లు. ప్రతి జనవరిలో దామోదర్ పక్కనే కూర్చుంటుంది. మందు ఆమె పోస్తుంది, గీత అతను చూస్తాడు. ఇంతవరకు ఒక్క జింకనూ కొట్టలేదు.