పెద్దమ్మ కాల్చని రోజు

ముందే చెప్పేస్తాను. ఆ రోజు ముసుగేసుకుని, చేతిలో పిస్తోలు పట్టుకుని నగల షాపులోకి దూరిన వెధవని నేనే. ఇప్పుడిలా కూర్చుని మీకు కబుర్లు చెబుతున్నానంటే, ఆ షాపు గుమ్మం దగ్గర తుపాకీతో కాపలా ఉండే పెద్దమ్మ చలవే. అందుకని ఇది ఆవిడ కథ. ఇందులో నాది ఒట్టి గాడిద వేషం.

ఆవిడ మాలో ఎవరికీ పెద్దమ్మ కాదు. కానీ ఓనరు దగ్గర్నుంచి నేల తుడిచే ముసలాయన దాకా అందరూ అలాగే పిలుస్తారు. యాభై ఆరేళ్ళ మనిషి. బాగా పొట్టి. ఖాకీ చొక్కా చేతులు రెండు మడతలు పెడితే గానీ వేళ్ళు బయటికి రావు. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకి ఆనవని కింద చెక్కపీట వేసుకునేది. పక్కన నిలబెట్టిన రెండు గొట్టాల తుపాకీ ఆవిడ కంటే కాస్తే పొట్టి. కొత్తవాళ్ళు ఆ జంటని చూసి నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడేవాళ్ళు. ఆవిడ ఒకసారి తలెత్తి చూసిందంటే ఇక ఆ తంటా ఉండేది కాదు.

ఆవిడ భర్త కూడా కాపలావాడే. గోదాములో పని. ఒక సాయంత్రం తోటి కాపలావాడు, ఆయనకి ప్రాణస్నేహితుడు, ఆటపట్టిద్దామని నల్ల దుప్పటి కప్పుకుని బస్తాల చాటునుంచి మీదికి దూకాడు. ఆయన కాల్చేశాడు. దుప్పటి తీసి చూసేసరికి స్నేహితుడు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. కోర్టు ఆయన తప్పేమీ లేదని వదిలిపెట్టింది. కానీ ఆ స్నేహితుడి ఇంటి ముందునుంచి వెళ్ళలేక, పనికి రోజూ నాలుగు వీధులు చుట్టు తిరిగి వెళ్ళేవాడట. నాలుగేళ్ళు అలా తిరిగి తిరిగి, మంచాన పడి పోయాడు.

ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన పెద్దమ్మ, అదే కాపలా పని చేస్తానంది. వాళ్ళ అన్నయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఆ పాడు వస్తువు మళ్ళీ ఇంటి గడప తొక్కడమా? నీకు మతి ఉందా?"

"ఆయన కొంప ముంచింది తుపాకీ కాదన్నయ్యా, తొందర. నాకు తొందర లేదు," అందిట.

శిక్షణకి వెళితే పాతికమంది మగవాళ్ళ మధ్య ఆవిడొక్కతే ఆడమనిషి. గురి ఎలా చూడాలో, ఎలా కాల్చాలో నేర్పారు. ఆఖరిరోజున ఆవిడ లేచి, "ఎప్పుడు కాల్చకూడదో కూడా చెబుతారా, సార్?" అని అడిగింది. పాతికమందీ పగలబడి నవ్వారట. అది పాఠాల్లో లేదని నేర్పే ఆయన చేతులు దులిపేసుకున్నాడు. సరే, లేకపోతే నేనే రాసుకుంటాను అనుకుంది పెద్దమ్మ.

అలా సొంతంగా తయారు చేసుకున్న పద్ధతి ఆవిడది. ఏ షాపులో చేరినా మొదటి వారం మనుషుల్ని పట్టించుకోదు. ఎక్కడ దాక్కోవచ్చో వెతుకుతుంది. మా షాపులో ఎడమవైపు కౌంటరు పక్కన లావుపాటి సిమెంటు స్తంభం ఉంది. దాని వెనక మనిషి పట్టేలా కౌంటరుని రెండు జానలు జరిపించేదాకా ఓనరు ప్రాణం తోడేసింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్న షట్టరు ఎత్తాక ఒకటే వ్యాయామం. కుర్చీలోంచి లేస్తుంది, మూడడుగుల్లో స్తంభం చాటుకి చేరుతుంది, "చేతిలోది కింద పెట్టు" అని ఖాళీ షాపుకి ఆజ్ఞ ఇస్తుంది.

"ముందు చాటు, తరవాత మాట. వేలు ఆఖర్న," అనేది ఎవరడిగినా.

మాకది ఖర్చులేని వినోదం. వెనక గదిలో పనిచేసే మేమంతా తలుపు సందులోంచి చూసి కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. నేను నగలకి మెరుగు పెడతాను. మా ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది, రాళ్ళు పొదుగుతాడు. పెద్దమ్మ నడకని, గొంతుని వాడు అచ్చుగుద్దినట్టు దించేసేవాడు.

ఇప్పుడు మా తెలివితేటల సంగతి చెప్పాలి. రోజూ షాపు తెరవకముందు పెద్దమ్మ మా గదిలోకి వచ్చి, తుపాకీ గొట్టాలు ఇసుకబస్తా వైపు పెట్టి, కీలు దగ్గర విరిచి తెరిచి, రెండు తూటాలూ బయటికి తీసేది. మా పనిబల్ల దగ్గర వెలుతురు బాగుంటుంది. తూటాల్ని గుడ్డతో తుడిచి, గొట్టాల్లోంచి బల్బు కేసి చూసి, తూటాల్ని చొక్కా జేబులో వేసుకుని వెళ్ళిపోయేది. వాటిని మళ్ళీ తుపాకీలో పెట్టేది ముందు గదిలో, తన కుర్చీ దగ్గర. అప్పటికి మాకు టీ వచ్చేది. బంగారంలో వెంట్రుకవాసి పగులు కనిపెట్టే మొనగాళ్ళం మేము. ఆవిడ మా షాపుకి వచ్చిన తొమ్మిదేళ్ళపాటు తుపాకీ ఖాళీగానే ఉంటుందని నమ్మాం. తూటాలు తీయడం చూశాం గానీ పెట్టడం ఎన్నడూ చూడలేదు కదా.

"బావా, పెద్దమ్మని వీడియో తీస్తే ఎలా ఉంటుంది? దొంగ వచ్చాడని ఉత్త తుపాకీ పట్టుకుని పరుగులు పెడుతుంటే ఊరంతా చూస్తుంది," అన్నాడు బావమరిది.

"దొంగ ఎవరు?"

"నువ్వే. నీ మొహానికి ముసుగు కూడా అక్కర్లేదు గానీ, ఉండనీ."

బొమ్మల కొట్లో ప్లాస్టిక్ పిస్తోలు కొనుక్కొచ్చాడు. కొనకి నారింజరంగు మూత ఉంది, అది బొమ్మని అందరికీ తెలియడానికి. నాకది నామోషీగా అనిపించింది. పని చేతనైనవాడి చేతికి నాసి సరుకు ఇస్తే ఊరుకోలేడు. ఆ మూత కోసేశాను. అతుకుల గీతలు ఆకురాయితో అరగదీశాను. లోహపు పొడి కలిపిన నల్లరంగు రెండు పూతలు పూసి, మెరుగు చక్రం మీద పట్టాను. రెండు రోజులు టీ వేళల్లో ఇదే పని. చివరికి దాన్ని బల్ల మీద పెడితే నాకే భయమేసింది. ఎంత మురిసిపోయానో. నా చావుకి నేనే మెరుగు పెట్టుకుంటున్నానని తెలియలేదు.

మధ్యాహ్నం రెండున్నర. షాపులో బేరాల్లేని వేళ. కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే ఉంది. ఆ పిల్లకి కూడా మేమేమీ చెప్పలేదు. వెనక తలుపులోంచి బయటపడి, సందు తిరిగి, ముసుగు లాక్కుని ముందు గుమ్మంలోంచి లోపలికి ఉరికాను. బావమరిది అద్దాల తలుపు బయట ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"కదిలితే కాల్చేస్తా," అన్నాను గొంతు మార్చి, పిస్తోలు ఆ అమ్మాయి వైపు తిప్పి.

ఆ పిల్ల కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పెద్దమ్మ కుర్చీలోంచి లేవడం మాత్రం నాకు కనిపించలేదు. కనిపించేసరికే ఆవిడ ఒక చేత్తో ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని ఈడ్చుకుంటూ స్తంభం వెనక్కి చేరిపోయింది. ఇవతలికి కనిపిస్తున్నవి సగం మొహం, రెండు గొట్టాలు.

"చేతిలోది కింద పెట్టు," అంది. పక్కింటావిడని పలకరించినంత మామూలుగా.

నాకు నవ్వు పొంగుకొచ్చింది. ఖాళీ తుపాకీతో ఎంత దర్జా అనుకుని ఒక అడుగు ముందుకేశాను.

"ఆగు. కింద పెట్టు."

ఇంకో అడుగు వేసి, పిస్తోలు ఆవిడ వైపు తిప్పాను. అంత దగ్గర్నుంచి ఆవిడ చెయ్యి స్పష్టంగా కనిపించింది. చూపుడువేలు ట్రిగ్గరు మీదికి పోలేదు. తుపాకీ చెక్క వెంబడి నిటారుగా ఆని ఉంది.

"నువ్వెవరివైనా సరే. నీకోసం ఇంట్లో ఎవరో ఉండే ఉంటారు. అది కింద పెడితే వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు."

ఆ మాటకి నా నవ్వు కాస్త తడబడింది. అప్పటికి మా ఆవిడకి అయిదో నెల. ముసుగు పీకేసి, "నేనే పెద్దమ్మా," అన్నాను పళ్ళికిలిస్తూ.

ఆవిడ తుపాకీ దించలేదు. "ముందు కింద పెట్టు. కాలితో అవతలికి తన్ను."

తన్నాను. పలకల మీద జారుతుంటే అది చేసిన ప్లాస్టిక్ చప్పుడు విన్నాక గానీ ఆవిడ స్తంభం చాటునుంచి రాలేదు. తుపాకీ విరిచి అరచేతిలోకి వంచింది. రెండు ఎర్ర తూటాలు పడ్డాయి.

నేను అక్కడే కూలబడ్డాను. అద్దం అవతల బావమరిది ఫోను దించేశాడు. ఆవిడ నన్ను తిట్టలేదు. ఆ అమ్మాయికి మంచినీళ్ళు తాగించి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. జేబులోంచి గుడ్డ తీసి ఆ రెండు తూటాలనీ తుడవడం మొదలుపెట్టింది. తుడిచినవాటినే మళ్ళీ మళ్ళీ తుడుస్తూనే ఉంది. అది చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

గంటలో ఓనరు వచ్చాడు. మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అంతవరకూ న్యాయమే. ఆ తరవాత ఆవిడ మీదికి తిరిగాడు.

"వీడు వెధవ సరే. నిజం దొంగే అయ్యుంటే? ఇన్నిసార్లు బతిమాలతావా? ఇందుకా నీకు తుపాకీ ఇచ్చింది? రేపట్నుంచి రానక్కర్లేదు."

షాపులన్నీ కలిపి ఇరవై రెండేళ్ళ ఉద్యోగం, పేరు, రెండూ ఆ ఒక్క మాటతో వీధిన పడుతున్నాయి. నేను తప్పు నాదేనని ఏదో గొణిగాను. నా మాట వినేదెవరు?

పెద్దమ్మ తొణకలేదు. "తుపాకీ ఎత్తానంటే పై ఆఫీసుకి చెప్పాలి సార్. రేపు ఆఫీసరు వస్తారు. కెమెరాలో పడింది ఆయనతో కలిసి చూడండి. చూశాక కూడా పొమ్మంటే పోతాను."

మర్నాడు తుపాకీ లైసెన్సుల ఆఫీసరు వచ్చాడు. కోపిష్టి మనిషిలా ఉన్నాడు. కెమెరా బొమ్మ నాలుగుసార్లు తిప్పితిప్పి చూశాడు. మొత్తం పదిహేను సెకన్లు. తరవాత నన్ను పిలిచి నిన్నటి చోటే నిలబెట్టాడు. పెద్దమ్మని స్తంభం వెనక నిలబడమన్నాడు.

"నీ చేతిలోది నిజం పిస్తోలు అనుకో. కాల్చావు. ఎక్కడ తగులుతుంది?"

"స్తంభానికి సార్."

"ఆ అమ్మాయికి?"

"అసలు కనిపించనే లేదు సార్."

ఆఫీసరు ఓనరు వైపు తిరిగాడు. "విన్నారుగా. చాటు దొరికింది కాబట్టి ఆవిడకి అడిగే వ్యవధి దొరికింది. కాల్చి ఉంటే చట్టం ఆవిడని ఏమీ అనేది కాదు. కానీ ఈపాటికి వీళ్ళింట్లో శవం ఉండేది, మీ షాపుకి తాళం ఉండేది. ఇటువంటి మనిషిని తీసేస్తానంటున్నారా మీరు?"

ఓనరు తలొంచుకుని బల్ల మీది కాగితాలు సర్దాడు. ఆఫీసరు లేచి పెద్దమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, మా దగ్గర శిక్షణకి వచ్చేవాళ్ళకి ఇది నేర్పుతారా?"

"నేర్పుతాను. కానీ నేను నోటితో చెప్పి వెళ్ళిపోవడం కాదు సార్, పాఠాల్లో రాయించండి."

"రాయిస్తాను," అన్నాడాయన.

పెద్దమ్మ తల ఎత్తుకుని మా అందరి ముందునుంచి నడిచి వెళ్ళి, తన కుర్చీలో కూర్చుని, పీట మీద కాళ్ళు పెట్టుకుంది. ఆ రోజంతా ఓనరు ఆవిడని మీరు అనే పిలిచాడు.

మాకు స్టేషనులో కేసు, షాపులో మూడు నెలలు పని బందు. తక్కువే వేశారు. మా ఆవిడ నాతో వారం మాట్లాడలేదు, తమ్ముడితో ఇప్పటికీ ముక్తసరే. ఆ కౌంటరమ్మాయికి ఇద్దరం క్షమాపణ చెప్పుకున్నాం. ఆ పిల్ల వింది గానీ క్షమించానని అనలేదు. అనాలని మాకూ అనిపించలేదు.

ఒక్క సంగతి మాత్రం నన్ను తొలిచేసేది. మెరుగు పని చేసేవాడి గోళ్ళు ఎంత తోమినా నల్లగానే ఉంటాయి. వాటిని చూసి నన్ను గుర్తుపట్టే కాల్చలేదని నా నమ్మకం. ఒకరోజు వెళ్ళి అడిగేశాను.

"లేదురా. దొంగే అనుకున్నాను. చివరిదాకా," అంది పెద్దమ్మ.

"మరి?"

"మరేముంది? దొంగనైనా కాల్చక్కర్లేని చోట ఉన్నాను. నువ్వు చాటు దాటి ఆ పిల్ల మీదికి వచ్చుంటే కాల్చేదాన్ని. అబద్ధం ఎందుకు?"

ఆవిడ వదిలిపెట్టింది తెలిసినవాణ్ణి కాదు. ఎవడో ముక్కూమొహం తెలియని దొంగ వెధవని. ఇన్నాళ్ళూ తలుపు సందులోంచి చూసి నవ్విన మనిషి ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది.

ఏడాది తిరక్కుండా శిక్షణ హాల్లో ఆవిడ మొదటి క్లాసు పెట్టారు. నన్నూ రమ్మంది. మా ఆవిడ, చంకలో ఆరు నెలల పాపతో నేను, వెనక వరసలో కూర్చున్నాం. ముందు నలభైమంది కొత్త కాపలావాళ్ళు. వేదిక మీద బల్ల వెనక నిలబడితే ఆవిడ మెడ నుంచి పైకే కనిపిస్తోంది. ఎవరూ నవ్వలేదు. కెమెరా బొమ్మ చూపించారు. అది అయ్యాక ఒకతను లేచాడు.

"ఇన్నేళ్ళలో ఎంతమందిని కాల్చారమ్మా?"

"ఒక్కణ్ణీ కాల్చలేదు."

హాల్లో చిన్న గుసగుస. ఆశించిన జవాబు కాదు మరి. ఆవిడ అది కాస్త సద్దుమణగనిచ్చి, "ఒరేయ్, పాపని ఎత్తుకుని ఇలా రా," అని నన్ను పిలిచింది. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"ఇందాక బొమ్మలో ముసుగు మనిషి వీడే. ఈ పాప వీడి కూతురు. అప్పటికింకా పుట్టలేదు. మీరు కాల్చాల్సిన రోజు రావచ్చు, వస్తే కాల్చండి. కానీ ఆ ముందర ఒక్క ప్రశ్న అడిగే వ్యవధి మీరే సంపాదించుకోవాలి. నేను నేర్పేది అదొక్కటే."

నలభైమంది తలలు పాప వైపు తిరిగాయి. పాప అదంతా తన కోసమే అనుకుని బోసినోటితో నవ్వింది. ఎవరు మొదలుపెట్టారో గానీ హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వెనక వరసలో మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నేను ఒత్తుకోలేదు, పాపని పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. పెద్దమ్మ చప్పట్లు అయ్యేదాకా ఆగి, "ఇక కూర్చోకండి. చాటు ఎలా వెతుక్కోవాలో చూపిస్తాను, రండి," అని వేదిక దిగి వాళ్ళ ముందు నడిచింది.