ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా

ఫోల్కర్ రెప్లె చిమ్నీలు ఊడ్చేవాడు. ఉరాఖ్ పట్నానికి పైన కొండమీద ఉన్న తొమ్మిది ఊళ్లలో ఏ ఇంటి పొయ్యి ఎన్నేళ్లదో, ఏ గొట్టంలో ఎక్కడ పగులుందో అతనికి నోటికి వచ్చు. నల్ల కోటు, బంగారు రంగు బొత్తాలు అతని వేషం. మా వైపు చిమ్నీవాడు ఎదురైతే శుభం. బొత్తాం ముట్టుకుంటే అదృష్టమని పెద్ద పెద్ద వాళ్లు కూడా సిగ్గుపడకుండా చెయ్యి చాస్తారు. ఫోల్కర్ ఓపిగ్గా నిలబడి ముట్టుకోనిచ్చేవాడు. అతను మాత్రం అదృష్టాన్ని పెద్దగా నమ్మలేదు, నమ్మింది నిబంధనల్ని. పొయ్యికీ చెక్కగోడకీ మధ్య నలభై సెంటీమీటర్లు ఉండాలని రాసుంటే నలభై ఉండాల్సిందే. ముప్పైతొమ్మిదికి తోడబుట్టినవాళ్లకైనా సంతకం పెట్టేవాడు కాదు. ఆ ముప్పైతొమ్మిది మీద ఊళ్లో బోలెడన్ని వెక్కిరింతలు ఉండేవి.

నలభై నాలుగేళ్లు వచ్చినా పెళ్లి చేసుకోలేదు. అతనికున్న సరదా ఒక్కటే, రెండు సీట్ల ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు. గుడ్డ టాపు వెనక్కి మడిస్తే నెత్తిమీద ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు. దాన్ని ఎవరి కొట్టంలోనో తుప్పుపట్టి ఉండగా కొనుక్కొచ్చి, చెల్లెలు జిల్కెతో కలిసి మూడేళ్లపాటు విప్పాడు, బిగించాడు. దానికి కప్ప అని పేరు పెట్టింది జిల్కే. రంగును బట్టి మాత్రమే కాదు, చలికాలమంతా కప్పలాగే దూరి పడుకుంటుందని. దాని నంబరు ప్లేటుకి కుడి చివర రెండు చిన్న అంకెలు ఉండేవి, పైన 04, కింద 10. అంటే ఏప్రిల్ మొదటి రోజు నుంచి అక్టోబరు ఆఖరి రోజు దాకానే ఆ బండి రోడ్డెక్కాలి. మిగతా ఐదు నెలలు పన్ను ఉండదు, బీమా ఉండదు, వీధిలో నిలబెట్టినా తప్పే. సరదా బండ్లున్న వాళ్లలో చాలామంది ఇలాంటి ప్లేట్లే పెట్టుకుంటారు. నవంబరులో అందరూ వాటి మీద దుప్పట్లు కప్పేసి ఏప్రిల్ కోసం కాచుకుని కూర్చుంటారు.

జిల్కె ఊరి గ్రంథాలయంలో పనిచేసేది. మొగుడు చాలాకాలం క్రితమే ఉత్తరాన కీల్ నగరానికి వెళ్లిపోయి అక్కడ మరో సంసారం పెట్టుకున్నాడు. ఆమెకి ఇద్దరు పిల్లలు. పదమూడేళ్ల రోన్యా సెల్లో అనే, పెద్ద వయొలిన్ లాంటి వాద్యం వాయిస్తుంది, ఆరేళ్ల యానిక్‌కి అన్నీ అనుమానాలే. వీళ్లు కాక ఆస్కో అని వెనక కాళ్లు పడిపోతున్న ముసలి కుక్క ఒకటి. జిల్కెకి క్లోమంలో రాచపుండని తేలేసరికే డాక్టర్లు చేతులెత్తేశారు. ఆమె ఇంటికి వచ్చేసి, కిటికీ పక్కన మంచం వేయించుకుంది.

మార్చి పందొమ్మిదిన ఎండ బాగా కాసింది. ఆ మధ్యాహ్నం ఫోల్కర్ పనిలోంచి నేరుగా చెల్లెల్ని చూడ్డానికి వెళ్లాడు. రోన్యా నేలమీద కూర్చుని కుక్కకి బొచ్చు దువ్వుతోంది.

"అన్నయ్యా, కప్పని బయటికి తియ్యవా. గొర్రెల కొండ దాకా వెళ్లొద్దాం, టాపు తీసేసి," అంది జిల్కె.

ఫోల్కర్ గోడమీది క్యాలెండరు వైపు చూశాడు. "ఎంతని, పదమూడు రోజులేగా. ఒకటో తారీఖు పొద్దున్నే వచ్చి హారన్ కొడతాను."

"పోలీసులు ఆపితే నేను చచ్చిపోతున్నానని చెప్తాలే. జరిమానా వెయ్యరు."

"బీమా ఉండదే, పిచ్చిమొహమా."

జిల్కె నవ్వింది. నవ్వుకి కూడా ఆయాసం వచ్చి కాసేపు కళ్లు మూసుకుంది. సరే, ఒకటో తారీఖే కానివ్వమంది. రోన్యా దువ్వెన ఆపి తలెత్తి మేనమామని చూసింది. ఆ చూపు ఆ రోజు అతనికి అర్థం కాలేదు.

జిల్కె ఇరవై ఎనిమిదిన పోయింది.

ఏప్రిల్ ఒకటిన ఫోల్కర్ షెడ్డులోకి వెళ్లి, దుప్పటి తీసి, కప్పలో కూర్చున్నాడు. తాళంచెవి తిప్పలేదు. అలా ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. ఖననమయ్యాక ఇంకో సంగతి గుర్తొచ్చి అతని ప్రాణం తీసింది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పోతే ఐదు రోజుల తాత్కాలిక ప్లేటు ఇస్తారు. ఒక కాగితం నింపాలి, ఒక పూట పోతుంది, అంతే. ఈ సంగతి అతనికి కొత్తేమీ కాదు, స్నేహితులకి తనే ఎన్నోసార్లు చెప్పాడు. ఆ రోజు మాత్రం తట్టలేదు. ఎందుకు తట్టలేదని ఎండాకాలమంతా తనని తాను తిట్టుకున్నాడు. ఆ ఏడాది కప్పని ఒక్కసారి కూడా రోడ్డెక్కించలేదు.

పిల్లలు అతనింటికి వచ్చారు. గుడ్డు కలిపిన పిండిని చెక్కపలక మీంచి మరిగే నీళ్లలోకి గీరడం నేర్చుకున్నాడు. సేమ్యాలా సన్నగా రావాల్సినవి లావుగా, గడ్డలుగా వచ్చినా పప్పులో వేసుకుని యానిక్ కిమ్మనకుండా తినేవాడు. రోన్యాతోనే వచ్చింది చిక్కు. ఎదురు చెప్పేది కాదు, అలిగేది కాదు, అడిగినదానికి అడిగినంతే జవాబిచ్చేది. అతని బండి మాత్రం ఎక్కేది కాదు. కప్ప ఎలాగూ షెడ్డు దాటలేదు, ఉన్నది చీపుళ్లూ మసీ నిండిన పని బండి ఒక్కటే. భుజాన సెల్లో తగిలించుకుని వానలో బస్సుకి నడిచేది. వద్దమ్మా అంటే, పర్లేదు మావయ్యా అనేది.

పైగా గడువొకటి దగ్గర పడుతోంది. నవంబరు ఇరవైన రోన్యాకి పద్నాలుగు నిండుతాయి. ఆ తర్వాత ఎవరి దగ్గర ఉంటావని పిల్లల సంక్షేమ ఆఫీసామె అడుగుతుంది, ఈ పిల్ల మాట వినక తప్పదు. మేనమామ దగ్గరా, కీల్‌లో తండ్రి దగ్గరా? తండ్రి ఉత్తరం రాశాడట, గది ఖాళీగా ఉందని. ఈ మాట ఫోల్కర్‌కి చెప్పింది యానిక్. రోన్యా చెప్పలేదు.

సెప్టెంబరులో అతను కప్పని అమ్మేసి ఇంటి కారు కొనాలని నిశ్చయించుకున్నాడు. డిక్కీకి బదులు వెనక చిన్న గదంత చోటుండే పొడుగు కారు, స్టేషన్ వ్యాగన్. ముగ్గురూ కూర్చోవాలి, సెల్లో అడ్డంగా పట్టాలి, ముసలి కుక్క తనంతట తాను ఎక్కగలగాలి. ఒక శనివారం పిల్లల్ని వెంటబెట్టుకుని మెట్సింగెన్‌లో క్నాప్ కార్ల కొట్టుకి వెళ్లాడు. అతనూ యానిక్ కుక్కతో పని బండిలో, రోన్యా సెల్లోతో బస్సులో.

ఫోల్కర్ ప్యాంటు పక్కజేబులోంచి మడతకొలబద్ద తీసి ఒక్కో కారు వెనక తలుపూ తెరిచి కొలిచాడు. సెల్లో పెట్టెకి నూటముప్పైరెండు సెంటీమీటర్లు కావాలి. కుక్క ఎక్కే గడప యాభై ఎనిమిదికి మించకూడదు. అంతకు మించితే ఆస్కో కాళ్లు లేవవని ఇంట్లో పీటలు పేర్చి మరీ చూశాడు.

"ఏంటి ఫోల్కర్ గారూ, కార్లకి కూడా చిమ్నీ తనిఖీయేనా?" అన్నాడు క్నాప్. "యాభై తొమ్మిదైతే సీలు వేసేస్తారా ఏంటి?"

నల్లరంగు కారు ఒకటి అన్నిటికీ సరిపోయింది. నూటముప్పైఆరు, యాభై ఏడు. ఫోల్కర్ మొహం చాలారోజుల తర్వాత కాస్త వికసించింది. యానిక్ సంబరంగా వెనక ఎక్కి, ఎంత పొడుగుందో చూద్దామని చేతులు పక్కన పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు.

"లే, యానిక్," అంది రోన్యా.

వాడు కదల్లేదు.

"లేవమంటున్నానా. అమ్మని తీసుకెళ్లింది ఇలాంటి దాంట్లోనే."

క్నాప్ తల దించుకున్నాడు. రోన్యా సెల్లో భుజానికెత్తుకుని బస్టాపుకేసి వెళ్లిపోయింది. యానిక్ లేచి కూర్చుని, ఏం తప్పు చేశాడో తెలియకపోయినా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఫోల్కర్ వాణ్ణి దించి ఎత్తుకున్నాడు. శవాల బండి కూడా ఇలాంటి నల్లటి పొడుగు కారేనన్న సంగతి ఇన్ని కొలతలు రాసుకున్నవాడికి తట్టలేదు. మళ్లీ తట్టలేదు.

మరుసటి వారం ఒక్కడే వెళ్లాడు. ఇటుకరంగు కారు ఒకటుంది. పాతది, మంచిదే. గడప కొలిస్తే అరవై ఒకటి. కుక్కకి మూడు సెంటీమీటర్లు ఎక్కువ. కొలబద్ద మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, ఇదే ఇవ్వండి, కుక్కని నేనెత్తుతాను అన్నాడు. క్నాప్‌కి వెక్కిరింత నోటిదాకా వచ్చింది గానీ అతని మొహం చూసి మింగేశాడు.

కప్పని ఉల్మ్ నుంచి వచ్చిన పెద్దాయన కొనుక్కున్నాడు. కళ్లద్దాల వ్యాపారం మానేసి ఊరికే ఉంటున్నాడట. అక్టోబరు ఇరవై ఏడున వచ్చాడు. తీసుకెళ్లే ముందు ముందరి అర ఖాళీ చేస్తుంటే జిల్కె తలకి కట్టుకునే నీలం రుమాలు దొరికింది. దానికి ఇంకా రెండు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. కప్ప మలుపు తిరిగి చప్పుడు కూడా వినపడకుండా పోయాక, రోన్యా షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఫోల్కర్ రుమాలు ఆమె చేతికిచ్చాడు.

"ఆ రోజు ఎందుకు తీసుకెళ్లలేదు మావయ్యా?" అంది.

ఏడు నెలలుగా అతను ఎదురుచూసిన ప్రశ్న అది.

"ప్లేటు వల్లే అనుకున్నాన్రా ఇన్నాళ్లూ. కాదు. ఆ రోజు తీసుకెళ్తే, ఇంక ఏప్రిల్ దాకా ఉండదని నేనూ ఒప్పుకున్నట్టే కదా. ఒకటో తారీఖని మాటిస్తే ఒకటో తారీఖు దాకా ఉంటుందనుకున్నాను."

రోన్యా రుమాలుని నాలుగు మడతలు పెట్టింది.

"అమ్మ కోటు తీయించి కుర్చీకి తగిలించుకుంది. ఒకటో తారీఖుకని. నువ్వు హారన్ కొట్టగానే లేటవకుండా వేసుకోవాలని."

అంతే చెప్పి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఫోల్కర్ ఖాళీ షెడ్డులో నిలబడి ఏడ్చాడు. చెల్లెల్ని పూడ్చిన నాడు కూడా అంత ఏడవలేదు.

కొత్త బండి రిజిస్ట్రేషను శరత్కాలం సెలవుల్లో పడింది. పొద్దున అతను కాగితాలు సర్దుకుంటుంటే రోన్యా తల్లి కోటు వేసుకుని దిగివచ్చింది. చేతులు పొడుగై రెండు మడతలు పెట్టుకుంది. నేనూ వస్తానంది. యానిక్‌ని పక్కింట్లో వదిలి, ముందు బస్సులోనే బయల్దేరారు. ఫోల్కర్ పని బండి తియ్యనా అని అడగలేదు.

ఆఫీసులో గుమస్తా పాత కాగితం చూసి, ఎప్పట్లాగే నెలల ప్లేటేనా అని అడిగింది. అక్కర్లేదన్నాడు ఫోల్కర్. ఎదురుగా ఉన్న కొట్లో ప్లేట్లు అచ్చుకొట్టించి తెచ్చారు. ఇంకా వెచ్చగా ఉన్న ప్లేటుని రోన్యా ఒళ్లో పెట్టుకుని కుడి చివర వేలితో తడిమింది.

"నెలలు లేవేం?"

"అన్ని నెలలూ."

"జనవరిలో కూడా?"

"జనవరిలో కూడా."

క్నాప్ కొట్టు దగ్గర అతను ప్లేట్లు బిగిస్తుంటే రోన్యా స్క్రూలు ఒక్కొక్కటే అందించింది. తర్వాత ముందు తలుపు తెరుచుకుని అతని పక్క సీట్లో కూర్చుంది. ఫోల్కర్ తాళంచెవి తిప్పాడు. గొర్రెల కొండకి వెళ్దామా అంది రోన్యా. ఇంటిముందు ఆగి ఆస్కోని ఎక్కించుకున్నారు. ముందు కాళ్లు అతను పట్టుకున్నాడు, వెనక కాళ్లు ఆమె.

కొండమీద ఒట్టి పొగమంచు. పొదలు నాలుగడుగుల దాకా కనిపించాయి, లోయ అసలే కనపడలేదు. గొర్రెల్ని ఎప్పుడో కిందికి తోలేశారు. ఇంజను ఆపాక కుక్క ఊపిరి ఒక్కటే వినపడింది. జిల్కె చూడాలనుకున్నది ఇదే చోటు.

"కీల్ ఎంత దూరం మావయ్యా?"

"ఎనిమిది వందల కిలోమీటర్లు ఉంటుంది."

"ఈ బండి అంత దూరం వెళ్తుందా?"

"వెళ్తుంది."

"నేను అడిగితే తీసుకెళ్తావా?"

అతను అద్దంలోంచి బయటికి చూశాడు. సెల్లో పట్టాలని కొలిచి కొలిచి కొన్నది ఈ బండిని. అందులో సెల్లో పెట్టుకుని ఈ పిల్ల వెళ్లిపోతే, తిరుగుదారంతా వెనక ఖాళీగా ఉంటుంది.

"అడిగిన రోజే తీసుకెళ్తాను," అన్నాడు. "పదమూడు రోజులు ఆగమనను."

రోన్యా కోటు చేతుల్లోకి వేళ్లు లాక్కుంది.

"ఇవాళ అడగట్లేదులే," అంది.