పాత ఇటుక మీద కొత్త లైనింగు

2022 ఎండాకాలం. స్టీల్ ప్లాంటు పక్కనున్న హిందీ ఊరు రిసాలిలో నా కంప్యూటర్ రిపేరు దుకాణం. కూలర్ పాడై నేను చిరాకుగా ఉన్న మధ్యాహ్నం ప్రకాశం బాబాయ్ తన పాత సీపీయూని ఆటోలోంచి దింపారు. స్టీల్ ప్లాంటులో ఫర్నేసుల లోపల ఇటుక లైనింగు పేర్చే మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. వెనకాలే ఆయన భార్య సుగుణమ్మ పిన్ని, మెడకి స్కార్ఫుతో. మా తెలుగు చర్చిలో పాటలన్నీ ఆవిడే పాడేది. గొంతుకి ఆపరేషనయ్యాక మాట కూడా రావడం లేదు. ఆపరేషన్‌కి ముందు బాబాయే మైకు పెట్టి ఆవిడ పాటలు ఈ మెషీన్‌లో రికార్డు చేశారు.

"పాటలు కనబడ్డం లేదు, చూడు బేటీ" అన్నారు.

విండోస్ మరీ ఈడుస్తోందని, వీడియోలు చూసి లినక్స్ వేసుకున్నారట. అది ఉచితంగా దొరికే సిస్టమ్, పాత మెషీన్ల మీద తేలిగ్గా నడుస్తుంది. కమాండ్లు కూడా టైపు చేస్తున్నానని కాస్త గర్వంగానే చెప్పారు.

"వేసేటప్పుడు ఏటి నొక్కారు బాబాయ్?"

"పాతది ఉంచాలా, మొత్తం చెరిపీయాలా అనడిగింది. చెరిపీమన్నాను. పాత ఇటుక మీద కొత్త లైనింగు నిలుస్తాదేటి? అంతా కొట్టీసి, శుభ్రంగా ఊడ్చి, అప్పుడు కదా కొత్త వరస పెట్టాలి."

"మరి పాటలు?"

"ముందే డి డ్రైవ్‌లోకి కాపీ చేసీసేను. ఆమాత్రం తెలీదా?"

నాకు ఒళ్ళు మండింది. డి డ్రైవ్ వేరే డిస్కు కాదు. ఒకే హార్డ్ డిస్కుని రెండు భాగాలు చేస్తే అందులో రెండోది. దాన్ని పార్టిషన్ అంటాం. మొత్తం చెరిపితే అదీ పోతుంది.

అయినా చెరిపిన డేటా వెంటనే మాయమవదు. దాని మీద కొత్తది రాయనంతవరకు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తియ్యొచ్చు. బాబాయ్ అప్పటికే లినక్స్ పాఠాల వీడియోలు డౌన్‌లోడ్ చేసి డిస్కు నింపేశారు. ఆ వీడియోలు దింపకుండా బద్ధకించి వదిలేసుంటే పాటలు దక్కేవి.

వారమంతా రికవరీ నడిపాను. ఒక్క ముక్క దొరికింది. ఇద్దరినీ కూర్చోబెట్టి వినిపించాను.

"సుగుణా, రికార్డవుతోంది. ఇంక పాడు." అది బాబాయ్ గొంతు. తర్వాత పిన్ని ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అక్కడితో ఆగిపోయింది.

పిన్ని మళ్ళీ పెట్టమన్నట్టు వేలు తిప్పారు. పెట్టాను. ఊపిరి దగ్గరకి వచ్చేసరికి ఆవిడా నోరు తెరిచారు. ఏమీ రాలేదు.

"నేనే కొట్టీసేను" అన్నారు బాబాయ్, నావైపు చూడకుండా.

ఇప్పుడు ఎవరి మెషీన్ వచ్చినా స్క్రూ విప్పకముందే అడుగుతాను, పోతే మళ్ళీ దొరకనిది ఇందులో ఏటుంది అని. అది వేరే డిస్కులోకి ఎక్కాకే చెయ్యి పెడతాను. ఈ కేసు నాకు నేర్పింది ఇదే, పిన్నికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. అడిగిన ప్రతిసారీ ఆ ఊపిరి గుర్తొస్తుంది. ప్రతి ఆదివారం చర్చిలో విన్నదాన్నే అయినా, ఆ తర్వాత రావాల్సిన గొంతు ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రావడం లేదు.