మూతపడ్డ తలుపుల ముందు సిస్టరమ్మ

పల్లి చెక్క వాసన అంత తొందరగా చావదు. నూనె పిండిన తర్వాత మిగిలే ఆ చెక్క కాస్త తీపిగా, కాస్త మక్కినట్టుగా గోడల్లోకి ఇంకి కూర్చుంటుంది. నిన్న మధ్యాహ్నం మా పాత పల్లికాయ మిల్లు గేటు ముందు నిలబడితే అదే వాసన ముక్కుకు తగిలింది. మిల్లు మూతపడి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టడం మానేశాను. గేటుకు తాళం కూడా లేదు, తుప్పుపట్టిన గొలుసు చుట్టి ఉంది. అది లాగి నేరుగా లోపలికి పోవచ్చు. నా వయసంతా ధారపోసిన చోటు, నన్ను ఆపేదెవరు? అయినా కాళ్లు గేటు దగ్గరే ఆగాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. “లోపల ఎవరన్న ఉన్నరా?” అని గట్టిగా పిలిచి, జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను. ఖాళీ మిల్లును పలకరించే ఈ అలవాటు నా సొంతం కాదు. సిస్టరమ్మ పెట్టింది.

ఆమె పేరు సుగుణమ్మ. కొత్తకోట దగ్గరి మా ఊళ్లో ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ప్రభుత్వ దవాఖానకు నర్సుగా వచ్చి ఇక్కడే రిటైరయింది కాబట్టి ముసలీ ముతకా అందరికీ సిస్టరమ్మే. మా వాడలో ఇప్పుడు మీసం తిప్పే మొగవాళ్లలో చాలామందిని మొట్టమొదట తలకిందులుగా పట్టుకుని ఏడిపించింది ఆమే. రిటైరైన రోజు తోటివాళ్లు శాలువా, ఉంగరం అంటే, “శాలువా కప్పుకొని నేనేడికి పోవాలె? కెమెరా కొనియ్యుండ్రి” అందట. దానికి కారణం ఉంది. దవాఖానను రోడ్డు మీది కొత్త బిల్డింగులోకి మార్చి, పాతదానికి తాళమేశారు. ఊరు ఊరంతా పుట్టిన ఆ కాన్పుల గదికి ఒక్క ఫొటో కూడా లేదని ఆమెకు అప్పుడు తట్టింది. ముందు ఆ గదిని ఫొటో తీసింది. తర్వాత మూతపడ్డ బడి, పాత పోస్టాఫీసు, జడ్చర్ల దాకా రోడ్డు పొడుగునా పని ఆగిపోయిన మిల్లులు, గోదాములు. సంచిలో నీళ్ల సీసా, జొన్నరొట్టె పెట్టుకుని బస్సెక్కి ఒక్కతే పోయేది.

నా సంగతి కూడా కొంత చెప్పాలి, లేకుంటే ఆమె చేసిన పని అర్థం కాదు. నాది మూడో తరగతి చదువు, అదీ సగమే. మిల్లులో మూటలు మోసే పనికి కుదిరి, మెల్లగా యంత్రాలకు నూనె పోసే పనికి ఎక్కాను. సాయంత్రం పని దిగాక ఊరి గ్రంథాలయానికి పోయి, కూడబలుక్కుంటూ పేపరు చదవడం నేర్చుకున్నాను. పేపరు తర్వాత కథలు, కథల తర్వాత చరిత్ర, చరిత్ర తర్వాత చట్టాలు. నాకు బడీ కాలేజీ అన్నీ గ్రంథాలయం ఉన్న ఆ రాతి గదే. అక్షరం వచ్చాక ఊరుకోలేదు. బస్సు ఆగకపోతే అర్జీ, బోరింగు పాడైతే అర్జీ, పంతులు రాకపోతే అర్జీ. ‘అర్జీల కిష్టయ్య’ అని ఊళ్లో పేరు పడింది. దానికి నేను సిగ్గుపడను. తప్పును చూసి నోరు మూసుకున్నవాడికంటే అరిచినవాడే నయమని ఇప్పటికీ అంటాను. కానీ చూడకుండా అరవడం వేరు, చూసి అరవడం వేరు. ఆ తేడా నాకు అరవయ్యేళ్లు దాటేదాకా తెలియలేదు.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో ఒక ఎండాకాలం. మూతపడ్డ మిల్లు నీడలో గోనెపట్టా పరుచుకుని నడుం వాల్చాను. గేటు బయట ఆడగొంతు వినిపించింది: “లోపల ఎవరన్న ఉన్నరా?”

“కండ్లు కనవడ్తలేవా? మిల్లు మూతవడి ఏండ్లాయె. ఎవరుంటరమ్మా ఈడ?” అని అరిచాను.

“నువ్వున్నవు గద” అంది సిస్టరమ్మ, బయటే నిలబడి. “రావొచ్చా మరి?”

రమ్మన్నాను. మెడలో కెమెరా చూడగానే నాకు మండింది. అంతకు నెల ముందే పట్నం నుంచి నలుగురు పిల్లగాళ్లు వచ్చి మా మిల్లును ఫొటోలు తీసి, ‘దయ్యాల మిల్లు’ అని ఫోన్లలో పెట్టారు. మా చెమట కారిన చోటు వాళ్లకు దయ్యాల కొంప! ఆ కోపమంతా ఈమె మీద కుమ్మరించాను. ఆమె గోడకు చేరగిలబడి కూర్చుని, రొట్టె సగానికి విరిచి, నేను ఊపిరి తీసుకునే సందు చూసి నా చేతిలో పెట్టింది. నోట్లో రొట్టె ఉన్నవాడు ఎంతసేపు అరుస్తాడు?

“సరే గాని, ఎవరూ లేని జాగల పిలుసుడేంది సిస్టరమ్మా?” అన్నాను కాస్త చల్లబడ్డాక.

“చప్పుడైతే పాము తప్పుకుంటది. మనిషుంటే బట్టలు సదురుకుంటరు. వార్డుకు పోయినా గంతే. చెప్పకుంట పోతే పండుకున్నోళ్లకు నామోషి గాదా?” అని లేచి, మిల్లంతా ఒకసారి చూసింది. “ఇందుల ఇంక ఏ మిషినన్న తిరుగుతదా?”

“ఏం తిరుగుతది, అంత తుప్పే. గా కప్పు చూడు, గా గోడ చూడు…”

“పాడైంది అందరికీ కనవడ్తది కిష్టన్నా. ముందుగాల బాగున్నది చెప్పు.”

నాకు పౌరుషం వచ్చింది. పల్లికాయ పొట్టు ఒలిచే యంత్రం దగ్గరికి పోయి, దాని పెద్ద చక్రం మీద చేయి వేసి నెట్టాను. కదల్లేదు. కాలు గోడకు తన్నిపెట్టి మళ్లీ నెట్టాను. గురక లాంటి చప్పుడు చేసి సగం తిరిగింది. కప్పులో ఉన్న పావురాలన్నీ ఒక్కసారే లేచాయి. నేను నవ్వుతున్నానని నాకే తెలియలేదు.

“చెయ్యి తియ్యకు!” అని అరిచింది సిస్టరమ్మ కెమెరా ఎత్తి. “చెయ్యి లేకుంటే అది ఇనుపముక్క. చెయ్యి ఉంటెనే మిషిని.”

ఆ తర్వాత రెండేళ్లు నేను ఆమె వెంట తిరిగాను. ఊళ్లో నవ్వారు. “ఇద్దరు ముసలోళ్లు పాడుబడ్డ కొంపలల్ల ఏం ఎతుకుతున్నరో” అని చాయ్ హోటల్లో మాటలు పడ్డాయి. ఒకసారి ఆమె చెవిన పడితే, “నీ బొడ్డు కోసిన కత్తెర ఎతుకుతున్న బిడ్డా, దొరికితే తెచ్చిస్త” అంది. మళ్లీ ఎవరూ అనలేదు. ఎక్కడికి పోయినా ఆమె పద్ధతి ఒకటే. గడప దగ్గర పిలవాలి. కుడివైపు నుంచి మొదలుపెట్టి, ఏ గదీ వదలకుండా తిరగాలి. డాక్టరు ఛాతీ మీద వేళ్లతో కొట్టి చూసినట్టు గోడలను కొట్టి వినాలి. డొల్లగా మోగితే లోపల పాడైనట్టు, గట్టిగా మోగితే గోడ నిలబడేట్టు. అన్నీ చూశాకే కెమెరా. నాకు ఈ నిదానం పట్టేది కాదు. విన్నాను, నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకోలేదని గ్రంథాలయం దగ్గర తేలింది.

అప్పటికే గ్రంథాలయానికి తాళం పడింది. చూసుకునే మనిషి రిటైరయ్యాడు, కొత్తవాణ్ణి వేయలేదు. ఆ జాగాలో షట్టర్ల దుకాణాలు కట్టి కిరాయికి ఇస్తారన్న మాట నా చెవిన పడింది. నా రక్తం మరిగింది. సిస్టరమ్మ చెల్లెలి ఇంటికి పోయి ఉంది, కెమెరా నా దగ్గరే పెట్టి పోయింది. పంచాయతీలో తాళంచెవి అడిగి తీసుకుని లోపలికి పోయాను. పిలవలేదు, కుడివైపు నుంచి తిరగలేదు. పగులు కనిపిస్తే పగులు, బూజు కనిపిస్తే బూజు, వంగిన వసారా, చెదలు తిన్న బీరువా అన్నీ తీశాను. జడ్చర్లలో అచ్చు వేయించి, నాలుగు పేజీల అర్జీకి కుట్టి, ‘మా గ్రంథాలయాన్ని ఏ గతికి తెచ్చారో చూడండి’ అని మండలాఫీసులో ఇచ్చి వచ్చాను. అక్కడి సారు నాకు చాయ్ తాగించాడు. ఫొటోలు ఒక్కొక్కటే శ్రద్ధగా చూశాడు. నా మాటకు విలువ దొరికిందని పొంగిపోయాను.

వానలు మొదలయ్యే మిరుగం కార్తె వచ్చేనాటికి గ్రంథాలయం తలుపు మీద నోటీసు అంటించారు. స్థానికులే ఫొటోలతో సహా ఫిర్యాదు చేసినందున, శిథిలమైన ఈ భవనాన్ని పదిహేను రోజుల తర్వాత తొలగిస్తామని. ఆ ఫిర్యాదు చేసినవాడి పేరు కూడా రాశారు. నా పేరే. ఏ గదిలో కూర్చుని నా పేరు రాయడం నేర్చుకున్నానో, ఆ గది చావుకాగితం మీద నా పేరు.

సిస్టరమ్మ ఊరి నుంచి రాగానే పోయి చెప్పి, ఎట్లాగైనా గదిని కాపాడదామన్నాను. ఓదారుస్తుందనుకున్నాను.

“రోగి చచ్చిండని నువ్వే రాసిచ్చినవు. ఇప్పుడు దవాఖానకు తీస్కపోదామంటున్నవు” అంది.

“తప్పయింది. నడువు, ఇప్పుడే పోయి మంచి ఫొటోలు తీద్దాం.”

“ఆగు. వాన పడనీ.”

నాకు పిచ్చెక్కినంత పని అయింది. రోజులు లెక్కపెట్టి ఉన్నాయి, ఆకాశంలో మబ్బు తునక లేదు. రోజూ పొద్దున ఆమె గడప ముందు నిలబడేవాణ్ణి. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, “వాన పడ్డదా?” అనేది. “వాన ఎందుకు సిస్టరమ్మా!” అని ఒకనాడు గొంతు చించుకున్నాను. చేట పక్కన పెట్టి అంది: “కప్పు కురుస్తదా కురువదా అని వాళ్లడుగుతరు. నేను చెప్తె నమ్ముతరా, నువ్వు చెప్తె నమ్ముతరా? వాననే చెప్పాలె.”

గడువు ఇంకా మూడు రోజులుందనగా తెల్లవారుజామున వాన మొదలై ఎడతెరిపి లేకుండా కొట్టింది. గొడుగు కింద కెమెరా దాచుకుని ఇద్దరం పోయాం. తలుపు ముందు ఆమె పిలిచింది. నేనూ పిలిచాను. బయట మెట్ల కింద మోకాలి లోతు నీళ్లు. లోపల గడ్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన ఆ కప్పు కింద నేల పొడిగా ఉంది. ఎంత పొడిగా అంటే మా అడుగులే తడి ముద్రలై కనిపించాయి. ఆమె ఆ ముద్రలను తీసింది. తర్వాత నా చేయి కిటికీ గడియ మీద, నా చేయి అలమర తలుపు మీద, నా చేయి గోడ మీద. ప్రతి దాంట్లో నా చేయి ఉండాల్సిందే. చివరికి వసారా దగ్గరికి వచ్చాం. అక్కడ ధారగా కురుస్తోంది, గోడ ఒక పక్కకు ఒరిగి ఉంది.

“ఇది వద్దు సిస్టరమ్మా. ఇది చూపెడితె మొత్తం కూలగొడ్తరు.”

“రోగం దాస్తె మందేడ కుదురుతది?” అని దాన్నీ తీసింది, రెండుసార్లు.

ఆఫీసులో ఆ సారే ఉన్నాడు. పాత ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పరిచాడు. చుట్టూ పనుల మీద వచ్చిన జనం ఉన్నారు. “పెద్దమనిషీ, అప్పుడు కూలుతున్నదంటివి. ఇప్పుడు గట్టిగున్నదంటున్నవు. ఏది నమ్మాలె?” అన్నాడు.

జీవితంలో నేను ఎన్నో ఆఫీసుల్లో అరిచాను. ఆ రోజు అరవలేదు. సిస్టరమ్మ వైపు చూశాను. ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తోంది. ఈ మాట నేనే చెప్పాలని అర్థమయింది.

“అప్పటివి కోపంతోని తీసినయి సారూ. పగుళ్ల కోసమే పోయిన, పగుళ్లే దొరికినయి. ఇవి చూసి తీసినయి. తప్పు నాది. వసార కూలుతది, అది తీసేయుండ్రి. గది నిలబడ్తది. మీ ఇంజనీరును వానల పంపుండ్రి.”

నలుగురిలో తప్పు ఒప్పుకోవడం నాకు అదే మొదలు. ఇంజనీరు వచ్చాడు, వానలోనే వచ్చాడు. గోడలు కొట్టి చూశాడు. వసారా తీసేశారు, గది మిగిలింది. ఇప్పుడు అది పొద్దునా సాయంత్రం తెరుస్తారు. పుస్తకాలు మాత్రం సగం పరీక్షల గైడ్లే తెచ్చి పడేశారు. దాని మీద నా అర్జీ నడుస్తూనే ఉంది.

పోయిన ఏడాది సిస్టరమ్మ పాలమూరులో ఒక దవాఖానలో ఉన్నప్పుడు చూడబోయాను. గది బయటే నిలబడి, “రావొచ్చా?” అన్నాను. కొంగు సర్దుకుని రమ్మంది. బాగా చిక్కిపోయింది. ఫ్యాను తిరగడం లేదని, దుప్పటి మాసిందని, ఎవరిని అడగాలో చెప్పమని మొదలుపెట్టాను.

“కిష్టన్నా” అంది నీరసంగా. “ముందుగాల?”

చుట్టూ చూశాను. చాలాసేపు చూశాను. “కిటికీ తలుపు మంచిగ మూతవడ్తాంది” అన్నాను. “గాలి మంచిగొస్తాంది. నీ మాట కూడ మంచిగనే ఉన్నది.”

నవ్వింది. “ఇప్పుడు పోయి ఫ్యాను సంగతి అడుగు” అంది. అడిగాను, అరవకుండానే. సాయంత్రానికి ఫ్యాను తిరిగింది. ఆ ఫ్యాను కింద ఆమె ఇంకో పదిరోజులు బతికింది. కెమెరా నాకే ఇమ్మని చెల్లెలికి చెప్పి పోయింది.

నిన్న ఆ కెమెరా మెడలో వేసుకునే మిల్లు గేటు ముందు నిలబడ్డాను. మిల్లును పడగొట్టి ప్లాట్లు చేస్తారట. చేస్తే చేయనీ, ముందు అందులో ఏమేం నిలబడి ఉన్నాయో ఊరికి చూపించాకే. పిలిచి, విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు. ఒకప్పటి నేనైతే ఈపాటికి గొలుసు లాగి, లోపలికి దూరి, నాలుగు పగుళ్లు తీసి ఉండేవాణ్ణి. మళ్లీ పిలిచాను.

“ఆఁ… ఉన్న” అని లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. వెనకే మేక అరిచింది. ఎండకు మేకలను తోలుకొచ్చి నీడన నడుం వాల్చినట్టుంది. “జర ఆగుండ్రి, పెద్దనాయినా. పైట సదురుకోనీ.”

“సదురుకో తల్లీ, తొందరేం లేదు” అని, గేటుకు వీపు తిప్పి, ఎండలో నిలబడ్డాను.